బెంచీ మీది పరిచయం నుంచి: వరంగల్‌లో ఆటిజం కుటుంబాల తోడు బృందం కట్టుకోవడం

థెరపీ సెంటర్ బయట బెంచీ మీద కూర్చున్న తల్లులను ఒకసారి గమనించండి. లోపల పిల్లవాడికి 45 నిమిషాల స్పీచ్ థెరపీ. బయట నలుగురు తల్లులు, నాలుగు ఫోన్లు. ఆరు నెలలుగా అదే బెంచీ, అదే వారం, అదే టైము. అయినా ఒకరి పేరు ఒకరికి తెలియదు. హన్మకొండలోనైనా కాజీపేటలోనైనా ఇంతే. తోడు బృందానికి కావలసిన మనుషులు ఆ బెంచీ మీదే ఉన్నారు. వాళ్లను కలిపి, ఏళ్ల తరబడి విడిపోకుండా ఉంచే పద్ధతి ఇక్కడ రాస్తున్నాం.

బృందం పని ముందే తేల్చుకోవాలి. థెరపీ చేయడం, పిల్లలను "మార్చడం" దాని పని కాదు. నెలకు రెండుసార్లు, చెప్పిన రోజున, చెప్పిన చోట, అవే మొహాలు కనబడాలి. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే ఆటిజం ఉన్న మనిషికి ఎంత ఊరటో, రాత్రంతా నిద్ర లేని తల్లికీ అంతే ఊరట. వాయిదాలు పడే బృందం మూడో నెలకు ఆగిపోతుంది. ముగ్గురే వచ్చినా సరే, తలుపు తీసి కూర్చోండి.

మొదటి నాలుగు ఇళ్లు

నాలుగు కుటుంబాలతో మొదలుపెట్టండి, మొదటి మూడు నెలలు ఆరు దాటనివ్వకండి. థెరపీ సెంటర్ బెంచీ తర్వాత వెతకాల్సిన చోటు మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రం. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఇలాంటి పిల్లలున్నారో అక్కడి ఐఈఆర్పీ (ప్రత్యేక విద్య) టీచర్లకు బాగా తెలుసు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం, వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపు దగ్గరి క్యూ, ఇవన్నీ దారులే. అయితే వీళ్లెవరినీ కుటుంబాల నంబర్లు ఇమ్మని అడగకూడదు, వాళ్లు ఇవ్వనూ కూడదు. మీ నంబరు రాసిన చీటీలు పది ఇచ్చి, "కావాల్సినోళ్లే ఫోన్ చేస్తరు, వాళ్లకియ్యండి చాలు" అనండి.

కొత్త తల్లితో మొదటి మాట "మీ బాబుకూ ఆటిజమేనా?" అని ఉండొద్దు. ఆ మాట ఇంకా ఇంట్లో అత్తగారి ముందు అనని వాళ్లు చాలామంది. "ఎక్కడ్నుంచి వస్తున్నరక్కా, బస్సుల కూసుంటడా?" అని అడగండి. నర్సంపేట నుంచో పరకాల నుంచో రెండు బస్సులు మారి వచ్చే మనిషికి ఆ ప్రశ్న చాలు, మిగతాదంతా ఆమే చెబుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ప్రారంభోత్సవం. ఫంక్షన్ హాలు, మైకు, ముఖ్య అతిథి, శాలువాలు, నలభై కుటుంబాలు. స్పీకర్ కీచుమనగానే పిల్లలు చెవులు మూసుకుంటారు, ఒకడు ఏడుస్తాడు, ఇంకొకడు బయటికి ఉరుకుతాడు, ఫొటోలు మాత్రం పేపర్లో వస్తాయి. తర్వాతి సమావేశానికి ఐదుగురు కూడా రారు. ఎందుకు రారంటే, ఆ రోజు వాళ్లు మళ్లీ నలుగురిలో తలదించుకుని వెళ్లారు. ఏప్రిల్ 2న ఆటిజం అవగాహన దినం చేయాలన్న కోరిక ఉంటే బృందానికి ఏడాది నిండాక ఆలోచించండి.

వాట్సాప్ గ్రూపు అవసరమే. సమావేశం రోజు, చోటు, వచ్చే బస్సు, అర్జెంటు సాయం, అందులో ఇవి చాలు. గుడ్ మార్నింగులు, పిల్లల ఫొటోలు, మందుల ప్రకటనలు వద్దని మొదటి రోజే చెప్పండి. చదవడం రాని వాళ్లుంటే ప్రతి కబురూ వాయిస్‌లో కూడా పెట్టాలి.

గది

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ గది మీద పెట్టండి. చాలామంది ఉచితంగా దొరికిన మొదటి హాలు పట్టుకుంటారు, పిల్లలు అల్లరి చేశారంటారు. అల్లరి పిల్లల్లో లేదు, గదిలో ఉంది.

కింది అంతస్తులో, పక్కపక్కనే రెండు గదులు, మధ్యలో తలుపు ఉంటే మంచిది. పిల్లలు ఒక దాంట్లో, పెద్దలు ఒక దాంట్లో, తలుపు తీసే ఉంచాలి. ఒక్కో గది 12 అడుగులకు 15 అడుగులున్నా ఆరు కుటుంబాలకు సరిపోతుంది. ఆదివారం ఖాళీగా ఉండే బడి తరగతి గది, కాలనీ కమ్యూనిటీ హాలు పక్క గది, ఎవరింట్లోనైనా అద్దెకు పోని పోర్షన్ చూడండి. మరీ పెద్ద హాలు వద్దు. అందులో పరుగెత్తే పిల్లవాడిని ఆపలేం, ప్రతి చప్పుడూ తిరిగి మోగుతుంది.

ఖాయం చేసుకునే ముందు, సమావేశం పెట్టబోయే టైముకే ఆ గదిలో పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. ఫ్యాన్ కిర్రుమంటోందా? పాత చోక్ ట్యూబ్‌లైట్ జుయ్యిమంటోందా? మనం పట్టించుకోని ఆ శబ్దం కొందరు పిల్లలకు తలలో తొలిచినట్టుంటుంది. లైటు ఆర్పి కిటికీ వెలుతురులో కూర్చోవచ్చో చూడండి. ఒకసారి చప్పట్లు కొట్టండి. టైల్స్ గచ్చు, బోసి గోడలున్న గదిలో ఆ చప్పుడు సాగుతుంది. కొత్తవాడలో నేసే నూలు దరీ ఒకటి కింద పరిచి, ఇంకొకటి గోడకు వేలాడదీస్తే తగ్గుతుంది. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్లోనే దొరికే ఇంత మంచి వస్తువు ఉండగా ఖరీదైన ఫోమ్ షీట్లు కొనక్కర్లేదు.

వాసనలు కూడా చూసుకోండి. ఫినాయిల్‌తో తుడవడం ముందురోజు సాయంత్రమే అయిపోవాలి. అగరుబత్తి వద్దు. ఏనుమాముల మార్కెట్ దగ్గర గది అయితే మిర్చి సీజన్లో ఆ ఘాటుకు పెద్దలమే తుమ్ముతాం, అక్కడ తీసుకోకండి. కాజీపేటలో రైలు పట్టాల పక్క గదులు కొందరు పిల్లలకు పండుగ, కొందరికి నరకం. మీ నాలుగు కుటుంబాలను అడిగాకే తేల్చండి.

భద్రత విషయంలో రాజీ లేదు. వీధి తలుపుకు పెద్దవాళ్ల ఎత్తులో లోపలి గొళ్లెం ఉండాలి. సంపు మూత, బావి, మేడమెట్ల తలుపు, గేటు, ఈ నాలుగూ ప్రతిసారీ ఒకే మనిషి చూసి "చూశాను" అని నోటితో చెప్పాలి. అందరూ చూస్తారులే అనుకున్న రోజే ఎవరూ చూడరు.

ఒక మూల పాత చీర తెర కట్టి, లోపల ఒక దిండు, చాప పెట్టండి. అది విశ్రాంతి మూల. అందులోకి వెళ్లిన వాళ్లను పిలవొద్దు, తాకొద్దు, తొంగిచూడొద్దు. అల్లరి చేస్తున్నాడని ఎవరినీ అక్కడికి పంపకూడదు కూడా. ఒక్కసారి శిక్షగా వాడితే ఆ మూల మరి పనికిరాదు. పిల్లలే కాదు, పెద్దలూ అందులో కూర్చోవచ్చు.

తొంభై నిమిషాలు

రెండో, నాలుగో ఆదివారం ఉదయం 10:30 నుంచి 12 వరకు అనుకూలంగా ఉంటుంది. ఊళ్ల నుంచి వచ్చే బస్సులు అందుతాయి, అన్నం వేళకు ఇల్లు చేరొచ్చు. చర్చికి వెళ్లే కుటుంబాలుంటే మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి. టైము ఏదైనా, పెట్టుకున్నాక మార్చొద్దు.

ఆ రోజు క్రమం గోడ మీద బొమ్మల వరుసగా ఉండాలి. చెప్పులు విడిచే చోటు, ఆట గది, నీళ్లు, తిండి, గంట, ఇంటికి వెళ్లే ఆటో లేదా బస్సు, ఇలా ఆరు ఫొటోలు. 4 అంగుళాలకు 6 అంగుళాల ప్రింట్లు లామినేట్ చేయించి, తాడుకు బట్టల క్లిప్పులతో తగిలించండి. ఒకటి అయిపోగానే ఆ ఫొటో తీసి కింది డబ్బాలో వేయాలి, వీలైతే పిల్లల చేతే. ఇంటర్నెట్‌లోని కార్టూన్ బొమ్మలతో పని కాదు. చాలామంది పిల్లలకు ఆ బొమ్మలోని గ్లాసూ మన స్టీలు గ్లాసూ ఒకటేనని తట్టదు. మీ గదినే, మీ గ్లాసునే ఫొటో తీయండి. ఏదైనా మారేటట్టుంటే ఆ ఫొటో తీసేసి కొత్తది పెట్టి, మొదటి పదిహేను నిమిషాల్లోనే చూపించాలి.

రాగానే "అంకుల్‌కు నమస్తే పెట్టు", "నీ పేరు చెప్పు" అనే పరీక్షలు ఉండవు. ఎవరూ బుగ్గ గిల్లరు. పిల్లవాడు కళ్లలోకి చూడకపోతే చూడమని బతిమాలరు. తర్వాత 45 నిమిషాలు ఆట. పోటీలు, బహుమతులు వద్దు. టబ్బులో నీళ్లు ఒంపుకోవడం, రంగుల వారీగా మూతలు సర్దడం, ఊయల, ఇలా పక్కపక్కన కూర్చుని ఎవరిది వాళ్లు ఆడుకునేవి పెట్టండి. పెసలు, శనగల డబ్బాలు చాలామంది పెడతారు. ముక్కులో, నోట్లో పెట్టుకునే పిల్లలున్న చోట అవి ప్రమాదం. చేతులు ఊపడం, గిర్రున తిరగడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం ఆపకండి. దాంతోనే వాళ్లు తమను తాము కుదురుగా ఉంచుకుంటారు. తలబాదుకోవడం లాంటిది, ఒంటికి దెబ్బ తగిలేది ఉంటేనే దిండు అడ్డం పెట్టాలి.

ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలి. పరుగెత్తే బిడ్డకు ఒకరు విడిగా. కాకతీయ యూనివర్సిటీలో, ఇతర కాలేజీల్లో సైకాలజీ, సోషల్ వర్క్ చదివే వాళ్లు సాయానికి వస్తారు. కానీ ఆర్నెల్లపాటు నెలకు రెండుసార్లు తప్పకుండా వచ్చే ఇద్దరు మేలు, ఒక్కసారి వచ్చి సెల్ఫీ తీసుకుని వెళ్లే ఇరవై మంది కంటే. వచ్చినవాళ్లు ఫోను గుమ్మం దగ్గరి బుట్టలో వేయాలి. పిల్లవాడిని తల్లికి కనబడకుండా ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. టాయిలెట్‌కు తల్లిదండ్రులే తీసుకెళ్లాలి.

తిండి ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. పదేళ్ల పిల్లవాడు పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టడంటే దాని వెనక రుచి, వాసన, మెత్తదనం గొడవ చాలా ఉంటుంది. "అలవాటు చేయాలమ్మా" అనే సలహా ఆ గదిలో వినబడకూడదు. పెద్దలకు చాయ్ చాలు, ఎవరైనా సర్వపిండి చేసుకొస్తే ఇంకా మంచిది.

ముగింపుకు ఐదు నిమిషాల ముందు ఇసుక గడియారం తిప్పి, అదే చిన్న గంట ఒక్కసారే మోగించండి. గదికి అద్దె లేకపోతే ఈ ఏర్పాటంతా రెండు వేల రూపాయల లోపే అవుతుంది, దరీలు కాక.

పిల్లవాడు తట్టుకోలేకపోయినప్పుడు

మారాం వేరు, మెల్ట్‌డౌన్ వేరు. మారాం చేసే పిల్లవాడు మధ్యలో మన మొహం చూస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి ఏమిచ్చినా పనికిరాదు, వాడు మనల్ని చూసే స్థితిలో ఉండడు. చప్పుడు, వెలుతురు, ఆకలి, అనుకోని మార్పు, అన్నీ కలిసి కట్ట తెగినట్టు అవుతుంది.

అప్పుడు ఒక్కరే దగ్గరుండాలి, వాడికి బాగా తెలిసినవాళ్లు. మిగతా అందరూ మిగిలిన పిల్లలతో పక్క గదికి వెళ్లాలి. ఫ్యాను శబ్దం, లైటు ఆపండి. మాటలు తగ్గించండి. "ఏమైంది నాన్నా, ఎందుకేడుస్తున్నవ్, చూడు అందరు చూస్తున్నరు" అన్నవి ఆ సమయంలో మోయలేని బరువు. "నేనిక్కడే ఉన్న" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. గట్టిగా పట్టుకోవద్దు, రోడ్డు మీదకు ఉరికే ప్రమాదం ఉంటే తప్ప. ఎవరూ వీడియో తీయొద్దు. తగ్గాక నీళ్లు దగ్గర పెట్టండి, సంజాయిషీ అడగొద్దు. ఆ సాయంత్రం తల్లి ఒక నోట్‌బుక్‌లో దానికి ముందు అరగంటలో ఏం జరిగిందో మూడు లైన్లు రాసుకుంటే, ఐదారుసార్ల తర్వాత కారణం దానంతటదే కనబడుతుంది.

పెద్దల గదిలో మాటలు

వంతులవారీగా ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మధ్యలో ఎవరూ అడ్డురారు, అడగకుండా సలహా ఇవ్వరు. మొదట్లో ఎక్కువమంది ఏడుస్తారు. ఏడవనివ్వండి. "మొగపిల్లలకు మాటలు ఆలస్యమే", "ఫోన్ చూపించి చెడగొట్టినవ్", "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నవో" అన్న మాటలు ఏళ్ల తరబడి మోసిన వాళ్లు వాళ్లు. ఆటిజం మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా, పెంపకం లోపం కాదు. ఈ ఒక్క వాక్యం అత్తమామలకు వినిపించాలంటే మూడు నెలలకోసారి నానమ్మలు, తాతయ్యలు కూడా వచ్చే పూట పెట్టండి. కోడలు చెబితే వినని మాట ఇంకో ఇంటి నానమ్మ చెబితే వింటారు.

తండ్రులు రారు. వస్తే బైకు దగ్గర నిలబడతారు. "మీ బాధ చెప్పండి" అని పిలిస్తే అసలే రారు. వాళ్లకు పని అప్పగించండి. ఊయల కట్టడం, సర్టిఫికెట్ల ఫైలు చూడటం, కలెక్టరేట్‌కు వెళ్లడం. రెండు నెలలు పనిచేశాక మాటలు వాటంతటవే వస్తాయి.

బిడ్డకు తోబుట్టువులుంటే వాళ్లకు విడిగా ఇరవై నిమిషాలు ఇవ్వండి. "తమ్ముడిని చూసుకో" అని అక్కడ కూడా పని చెప్పకండి. తల్లికి రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా బృందంతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు.

ఇక "నయం చేస్తాం" అని వచ్చేవాళ్లు. ఈ గది తెలిసిన వారానికే ఎవరో ఒకరు వస్తారు. స్టెమ్ సెల్ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. శరీరంలోని లోహాలు తీస్తామనే చిలేషన్, ప్రెషర్ గదిలో ఆక్సిజన్, ఇవీ పనిచేస్తాయని రుజువు లేదు, చిలేషన్‌తో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది. అప్పు చేసి లక్షలు పోసిన కుటుంబాన్ని గదిలో తప్పుపట్టకండి, అమ్మేవాళ్లను మాత్రం గదిలోకి రానివ్వకండి. మొక్కులు, తాయెత్తులు ఎవరి నమ్మకం వాళ్లది. ఒంటి మీద వాతలు పెట్టడం, పేరు తెలియని పసర్లు తాగించడం మాత్రం ఎవరు చెప్పినా వద్దని గట్టిగా చెప్పాలి.

పెరిగినవాళ్ల మాట

తల్లిదండ్రులు కట్టిన బృందాల్లో తరచూ కనబడే లోపం ఒకటుంది. ఇరవై ఏళ్ల మనిషి పక్కనే కూర్చుని ఉండగా అతని టాయిలెట్ అలవాట్ల గురించి మాట్లాడుకుంటారు. మాట్లాడలేని మనిషి వినలేడనుకోవడం తప్పు. ఎవరి గురించైనా చెప్పే ముందు వాళ్లను అడగండి, లేదా వాళ్లు లేని చోట చెప్పండి.

14 ఏళ్లు దాటినవాళ్లకు వేరే పూట పెట్టండి. ఆటిజం ఉన్న పెద్దలను బృందం నిర్ణయాల్లో కూర్చోబెట్టండి, కనీసం ఒక్కరిని. అందరిలో నోరు తెరవలేకపోతే ప్రశ్నలు రెండు రోజుల ముందే రాసి పంపి, జవాబు రాసి ఇమ్మనండి. గది ఎంపికలో వాళ్ల మాటే ఆఖరి మాట కావాలి. ఏ శబ్దం భరించలేనిదో వాళ్లకంటే ఎవరికి తెలుసు? ఆడపిల్లలకు నెలసరి, ఒంటి భద్రత గురించి బొమ్మలతో చెప్పే పని తల్లులు పదేళ్ల వయసులోనే కలిసి మొదలుపెట్టాలి, మొదటి నెలసరి వచ్చేదాకా ఆగొద్దు.

కాగితాల పూట

మూడు నెలలకోసారి ఒక సమావేశం పూర్తిగా కాగితాలకే కేటాయించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, ఆటిజం వాటిలో ఒకటి. 40 శాతం, ఆపైన ఉన్న సర్టిఫికెట్టే అన్నిటికీ తాళంచెవి. మీసేవలోగానీ వికలాంగుల గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ పోర్టల్‌లోగానీ దరఖాస్తు చేసుకుంటే ఆస్పత్రిలో పరీక్షకు తేదీ వస్తుంది.

ఆ పరీక్షకు ఐశా అనే కొలమానం వాడతారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, దాన్ని తయారుచేసింది. 40 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70, ఆపైన వస్తే ఆటిజం కింద లెక్క. ఇక్కడ తల్లులు చేసే పొరపాటు ఒకటే. డాక్టరు అడిగితే, బిడ్డ పరువు కాపాడాలన్నట్టు "బాగానే చేస్తడు సార్" అంటారు. ఎవరి సాయమూ లేకుండా బిడ్డ ఏం చేస్తాడో, అదే చెప్పాలి. అన్నం తినిపిస్తే తింటాడు, తనంతట తను తినడు. ఈ తేడా చెప్పకపోతే శాతం తగ్గిపోతుంది. ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియోలు రెండు, పాత థెరపీ రిపోర్టులు తీసుకెళ్లండి. బిడ్డ ఆకలితో, నిద్రతో ఉండకుండా చూసుకోండి. క్యూలో రెండు గంటలు నిలబడాల్సి రావచ్చు. అందుకే బృందం నుంచి ఒకరు క్యూలో, తల్లీబిడ్డ చెట్టు కింద. బృందం ఇంతకంటే గొప్ప సాయం చేయగలిగేవి తక్కువ.

ఆధార్‌లో ఒక పేరు, జనన ధ్రువీకరణలో ఇంకో పేరు ఉండటం వల్లే దరఖాస్తులు ఎక్కువగా తిరిగొస్తాయి. ఇంటిపేరు, పుట్టిన తేదీ రెంటిలో ఒకటేనా అని ముందే చూడండి. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే గడువు తేదీని బృందం క్యాలెండర్‌లో రాయండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక వికలాంగుల పింఛన్‌కు దరఖాస్తు చేయండి, రాష్ట్రంలో నెలకు 4,016 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. అందులో థెరపీ ఖర్చులకు కూడా కొంత వాటా ఉంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. అసలు బిల్లులు కావాలి. థెరపీ సెంటర్ తెల్లకాగితం మీద రాసిచ్చింది చెల్లదు, ప్రతి నెలా నంబరున్న రసీదు తీసుకునే అలవాటు చేయండి.

18 నిండితే తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో బయటివాళ్లే. బ్యాంకు ఖాతా దగ్గర, భూమి పాసుపుస్తకం దగ్గర ఈ సంగతి ఒక్కసారిగా ఎదురవుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి సంరక్షకత్వం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. పిల్లవాడికి 17వ ఏట కాగితాలు సర్దడం మొదలుపెట్టండి. సొంతంగా నిర్ణయాలు తీసుకోగల వాళ్లందరికీ ఇది అవసరం లేదు, తొందరపడి పెట్టకండి.

పండుగలు, కటింగ్ షాపు

మన ఊళ్లో ఏడాదంతా డప్పులు, డీజేలు, పటాకులే. పండుగ వస్తే ఈ కుటుంబాలు తలుపులు మూసుకుంటాయి. నలుగురు కలిస్తే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి.

బతుకమ్మకు పద్మాక్షి గుట్ట సద్దుల రోజు రద్దీతో మొదలుపెట్టొద్దు. తొమ్మిది రోజుల్లో మధ్యలో ఒక రోజు, మీ వాడలోనే, సాయంత్రం ఐదింటికి డీజే మొదలుకాకముందే. అంతకంటే మంచిది పొద్దున పూలు పేర్చడం. తంగేడు, గునుగు, బంతి రంగుల వారీగా విడదీసి వరుసగా పేర్చే పని చాలామంది పిల్లలకు ప్రాణం. మాటలు రాని పిల్లవాడు ఇంట్లో అందరికంటే సాఫుగా వరుస పేర్చినప్పుడు నానమ్మ మొహం చూడాలి. పూల వాసన పడని వాళ్లుంటే కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.

గణపతి మండపం కుర్రాళ్లతో చవితికి వారం ముందే మాట్లాడండి, నిమజ్జనం రోజు కాదు. "స్పీకర్ మొహం ఇంటివైపు పెట్టకుండ్రి తమ్మీ" అని కారణంతో చెబితే ఎక్కువమంది వింటారు. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు స్పీకర్లు వద్దని చట్టమే ఉంది. మేడారం వెళ్లాలంటే జాతర నాలుగు రోజులు వదిలేసి, చాలామంది చేసినట్టే ముందటి వారాల్లో వెళ్లి బంగారం (బెల్లం) సమర్పించి రావచ్చు. చెవులకు కప్పే హెడ్‌ఫోన్లు ఇంట్లో పది రోజులు అలవాటు చేశాకే బయట పనికొస్తాయి, కొత్తవి జాతరలో పెడితే పీకి పారేస్తారు.

కటింగ్ చాలా ఇళ్లలో ముగ్గురు పట్టుకుంటే గానీ కాని పని. ఊళ్లో ఓపికున్న ఒక్క సెలూన్ అన్నను పట్టుకుని నలుగురు పిల్లలను ఆయన దగ్గరికే అలవాటు చేయండి. మొదటి వారం షాపు ఖాళీగా ఉన్న పొద్దున వెళ్లి మూడు నిమిషాలు కూర్చుని వచ్చేయాలి. రెండో వారం కుర్చీలో, చేతికి దువ్వెన ఇచ్చి. మూడో వారం కత్తెర చప్పుడు చెవికి దూరంగా వినిపించి. నాలుగో వారం పది లెక్కపెట్టేంతసేపు కత్తిరింపు, ఆపేయడం. ట్రిమ్మర్, నీళ్ల స్ప్రే, పౌడర్ వద్దు. మెడకు ఇంటి పాత తువ్వాల, వెంటనే మార్చడానికి ఇంకో చొక్కా. ఐదో వారం సగం తల అయ్యాక తట్టుకోలేకపోతే సగంతోనే ఇంటికి రండి, మిగతాది మరుసటి వారం. నాలుగు కుటుంబాలు రావడం వల్ల ఆ అన్నకు గిరాకీ ఉంటుంది, ఓపికా పెరుగుతుంది. ఆయనకు మామూలు రేటు కంటే ఎక్కువ ఇవ్వండి.

తప్పిపోతే

కొందరు పిల్లలు చెప్పకుండా వెళ్లిపోతారు, నీళ్ల వైపు లాగబడతారు. చుట్టూ చెరువులున్న ఊరు మనది. అందుకే ముందు వెతకాల్సింది బస్టాండు కాదు, నీళ్లు. ఇంటి సంపు, పక్కింటి బావి, తర్వాత దగ్గరి చెరువు కట్ట. వడ్డేపల్లి వైపున్న వాళ్లకు ఆ చెరువు, భద్రకాళి వైపున్న వాళ్లకు ఆ చెరువు, ఎవరెక్కడికి ఉరకాలో ముందే రాసి పెట్టుకోండి. కనబడలేదని తెలిసిన ఐదు నిమిషాల్లో 112కు లేదా 100కు ఫోన్, ఆ వెంటనే గ్రూపులో ఆ రోజు వేసుకున్న బట్టల ఫొటో. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా రాసి ఉంచండి. చొక్కా లోపలి వైపు ఫోన్ నంబరు కుట్టించండి. బయటికి కనబడేలా పేరు మాత్రం రాయొద్దు, పేరుతో పిలిచిన ఎవరి వెంటైనా వెళ్లే పిల్లలుంటారు. ఈత నేర్పించడం ఖర్చు కాదు, అవసరం.

డబ్బు, పేరు, పెరగడం

కుటుంబానికి నెలకు 100 రూపాయలు, ఇవ్వలేనివాళ్లు ఇవ్వకపోయినా అడగొద్దు. ఒక నోట్‌బుక్, ఇద్దరి సంతకాలు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు కావాలి. ఏడాదిపాటు సక్రమంగా కలిశాకే దాని జోలికి వెళ్లండి, ముందే పెట్టుకుంటే అధ్యక్షుడెవరన్న గొడవతో గది ఖాళీ అవుతుంది.

పన్నెండు కుటుంబాలు దాటగానే గదిలో చప్పుడు మొదటి పిల్లలు తట్టుకోలేనంత అవుతుంది. అప్పుడు విడదీయండి. నర్సంపేట వైపు వాళ్లు ముగ్గురున్నారనుకోండి, అక్కడే గది చూసుకోనివ్వండి. మొదటి మూడు నెలలు పాత బృందం నుంచి ఒకే తల్లి ప్రతిసారీ అక్కడికి వెళ్లి కూర్చోవాలి. బొమ్మల వరుసను పాత గదిది ఇవ్వకండి, వాళ్ల గదిలోనే, వాళ్ల గ్లాసుతో, వాళ్ల గుమ్మంతో కొత్తగా ఫొటోలు తీయించండి. ఇసుక గడియారం మాత్రం అలాంటిదే కొనివ్వండి, మారి వెళ్లే పిల్లలకు అది తెలిసిన వస్తువు.